ఇంట్లో పాదరసం ఎక్కడెక్కడ ఉంటుంది? దొరికితే ఏం చేయాలి?

సంక్రాంతి ముందు అటక మీది సామాన్లన్నీ దించి ఇల్లు దులపడం బరంపురంలో, పర్లాకిమిడిలో, రాయగడలో ఉన్న మన తెలుగిళ్లలో ఏటా జరిగేదే. పనికొచ్చేవి మళ్లీ పైకెక్కుతాయి. పనికిరానివి పాత సామాన్లు కొనేవాడికి పోతాయి, లేదంటే చెత్త బండిలోకి, ఇంకా ఏమైనా మిగిలితే భోగి మంటలోకి. చాలా వస్తువులకు ఈ పద్ధతి సరిపోతుంది. కొన్నిటికి మాత్రం పనికిరాదు. తలుపు మూల నిలబెట్టిన మాడిపోయిన ట్యూబ్‌లైట్, మందుల డబ్బా అడుగున ఉండిపోయిన గాజు థర్మామీటర్, ఒకప్పుడు ప్రాక్టీసు చేసిన తాతగారి బీపీ మిషన్. వీటిలో పాదరసం ఉంది. వీటిని తుక్కులో వేయకూడదు, చెత్త బండిలో వేయకూడదు, మంటలో అసలే వేయకూడదు.

పాదరసం గురించి మన దగ్గర రెండు రకాల మాటలు వినిపిస్తాయి. ముట్టుకుంటే చాలు ప్రాణం పోతుందని కొందరు భయపడతారు. చిన్నప్పుడు అరచేతిలో వేసుకుని ఆడుకున్నాం, మాకేమీ కాలేదే అని ఇంకొందరు కొట్టిపారేస్తారు. ఈ రెండు మాటలూ కంటికి కనిపించే బొట్టు గురించే. అసలు ప్రమాదం ఆ బొట్టు నుంచి లేచే ఆవిరిలో ఉంది. దానికి రంగు లేదు, వాసన లేదు. ఈ ఒక్క సంగతి పట్టుకుంటే మిగతా జాగ్రత్తలన్నీ వాటంతట అవే అర్థమవుతాయి.

పాదరసం మరగాలంటే దాదాపు 357 డిగ్రీల వేడి కావాలి. అంత వేడి ఇంట్లో ఎక్కడుంటుంది, ఆవిరెలా అవుతుంది అని ఎవరికైనా అనుమానం వస్తుంది. నీళ్లు మరిగేది కూడా 100 డిగ్రీల దగ్గరే, అయినా తడిబట్ట నీడలో ఆరుతుంది కదా. పాదరసం కూడా అలాగే గది వేడికే కొద్దికొద్దిగా గాలిలో కలుస్తూ ఉంటుంది. వేడి 20 డిగ్రీల నుంచి 30కి పెరిగితే ఆవిరయ్యే జోరు రెండింతలు దాటుతుంది. గంజాం జిల్లా ఎండాకాలంలో కిటికీలు మూసుకుని కూర్చునే గదుల్లో పరిస్థితి ఎలా ఉంటుందో ఊహించుకోవచ్చు.

30 డిగ్రీల దగ్గర గాలి పట్టగలిగినంత పాదరసం ఆవిరి పట్టిందంటే ఘనపు మీటరుకు సుమారు 30 మిల్లీగ్రాములు. ప్రపంచ ఆరోగ్య సంస్థ ఏడాది సగటుగా పెట్టిన పరిమితి ఘనపు మీటరుకు 1 మైక్రోగ్రామ్. అంటే తేడా 30 వేల రెట్లు. మామూలు ఇంట్లో గాలి ఆడుతూ ఉంటుంది కాబట్టి ఆవిరి అంత దాకా పోదు. కానీ ఎంత తక్కువ పాదరసం ఒక గదిని పాడుచేయగలదో ఈ లెక్క చెబుతుంది.

పీల్చిన ఆవిరిలో 80 శాతం దాకా ఊపిరితిత్తుల నుంచి నేరుగా రక్తంలోకి వెళుతుంది. అదే పాదరసం బొట్టును మింగితే ఒంటబట్టేది వెయ్యో వంతు కూడా ఉండదు, దాదాపు అంతా విరేచనంలో పోతుంది. నోట్లో పెట్టుకున్న థర్మామీటర్‌ను పిల్లాడు కొరికేశాడని తల్లిదండ్రులు హడలిపోతారు. అప్పుడు ముందు చూడాల్సింది గాజు ముక్కలు గుచ్చుకున్నాయేమోనని. వాంతి చేయించే ప్రయత్నం చేయకూడదు. నోట్లోని ముక్కలు జాగ్రత్తగా తీసి, డాక్టర్‌కు చూపించాలి. ఆ తర్వాత మంచం కింద పడిన పాదరసం సంగతి మరిచిపోకూడదు. ఎక్కువ మంది మరిచిపోయేది దాన్నే. ఆ ఇంట్లో పిల్లాడు వారాల తరబడి పీల్చేది ఆ గాలినే.

ఆవిరి ఎక్కువ రోజులు పీలిస్తే దెబ్బ తినేవి మెదడు, నరాలు, మూత్రపిండాలు. చేతులు వణకడం, నిద్ర పట్టకపోవడం, ఊరికే చిరాకు పడటం, మతిమరుపు లాంటివి మెల్లగా మొదలవుతాయి. చిన్నపిల్లల్లో అరచేతులు, అరికాళ్లు ఎర్రబడి పొట్టు రేగడం కూడా ఉంది. గర్భిణి పీల్చిన ఆవిరి కడుపులో బిడ్డకూ చేరుతుంది. పాదరసం పడేది నేల మీదే, పాకే పిల్లల ముక్కు ఉండేదీ నేలకు దగ్గరగానే. అందుకే పసిపిల్లలున్న ఇంట్లో ఈ జాగ్రత్త రెండింతలు కావాలి.

ఎందులో ఎంత?

అన్నిటినీ ఒకే గాటన కట్టి భయపడితే లాభం లేదు. గాజు థర్మామీటర్‌లో అర గ్రాము నుంచి గ్రాము దాకా పాదరసం ఉంటుంది. సీఎఫ్‌ఎల్ బల్బులో ఉండేది 3 నుంచి 5 మిల్లీగ్రాములు. అంటే ఒక్క థర్మామీటర్ పగిలితే పడే పాదరసం 200 సీఎఫ్‌ఎల్‌లకు సమానం. ట్యూబ్‌లైట్‌లో సీఎఫ్‌ఎల్ కంటే కాస్త ఎక్కువ, బాగా పాత లావు ట్యూబుల్లో ఇంకొంచెం ఎక్కువ. పాతకాలపు బీపీ మిషన్‌లో 80 నుంచి 100 గ్రాములు ఉంటుంది. ఇరవై వేల సీఎఫ్‌ఎల్‌ల పాదరసం ఒక్క పెట్టెలో ఉన్నట్టు. బల్బు పగిలిందని టెన్షన్ పడే ఇంట్లోనే బీరువా పైన ఇలాంటి పెట్టె ఒకటి ఉండొచ్చు. కాబట్టి వెతకడం దానితోనే మొదలుపెట్టాలి.

మూత తెరిస్తే నిలువుగా లేచే గాజు గొట్టం, పక్కన 0 నుంచి 300 దాకా గీతలు, గొట్టం అడుగున మెరిసే వెండి రంగు ద్రవం ఉంటే అది పాదరసం బీపీ మిషనే. గుండ్రటి ముల్లు డయల్ ఉన్నవాటిలో, అంకెలు చూపించే ఎలక్ట్రానిక్ వాటిలో పాదరసం ఉండదు. పాదరసం పెట్టె దొరికితే పంపు నొక్కి చూడటం, తలకిందులు చేయడం వద్దు. రబ్బరు గొట్టాలు ఏళ్ల తరబడి ఎండి పగిలి ఉంటాయి, లోపలి ద్రవం కారే అవకాశం ఉంది. పెట్టె అడుగున, మూలల్లో చిన్న వెండి చుక్కలు కనిపిస్తే అది ఇప్పటికే కారుతోందన్నమాట. మూత వేసి, నిలువుగా ఉంచి, మందపాటి ప్లాస్టిక్ కవర్లు ఒకదానిపై ఒకటి రెండు తొడిగి కట్టి, పడకగదికీ వంటింటికీ దూరంగా, ఎండ తగలని చోట పెట్టాలి.

థర్మామీటర్ సంగతి తేలిక. లోపలి గీత వెండి రంగులో ఉంటే పాదరసం అనుకుని జాగ్రత్తపడాలి. ఎర్రగా గానీ, నీలంగా గానీ ఉంటే అది రంగు కలిపిన ఆల్కహాల్. థర్మామీటర్లు ఇళ్లలో పగిలేది చేతులోంచి జారే కాదు, శుభ్రం చేయబోయినప్పుడు కూడా. జ్వరం చూశాక వేడివేడి నీళ్లలో ముంచితే, 42 డిగ్రీల వరకే గీతలున్న ఆ సన్నటి గొట్టంలో పాదరసం వ్యాకోచించి గాజును చీల్చుకుని బయటికొస్తుంది.

కొన్ని వస్తువుల్లో పాదరసం ఉందని తోచదు. నీళ్లు శుద్ధి చేసే యూవీ మిషన్ లోపలి దీపం ఒక చిన్న పాదరసం దీపమే. మెకానిక్ కొత్తది బిగించి పాతది గట్టు మీద పెట్టి వెళ్లిపోతాడు, దాన్ని మామూలు గాజులా పారేస్తాం. హోటళ్లలో, మిఠాయి కొట్లలో నీలి వెలుగుతో ఈగల్ని చంపే పెట్టెల ట్యూబులూ అంతే. ఎల్‌ఈడీ రాకముందు వచ్చిన పలచటి ఎల్‌సీడీ టీవీల్లో, పాత ల్యాప్‌టాప్‌లలో తెర వెనక సన్నటి పాదరసం ట్యూబులు ఉంటాయి. పాత బొత్తాం బ్యాటరీల్లో కొంచెం ఉంటుంది. పంటికి వెండి రంగు సిమెంటు పెట్టించుకున్నవాళ్ల ఫిల్లింగ్‌లో సగం దాకా పాదరసమే. అయితే బాగున్న ఫిల్లింగ్‌ను భయపడి తీయించుకోనక్కర్లేదు. తీసేటప్పుడే ఆవిరి ఎక్కువ వస్తుంది.

పూజగదిలోనూ చూడాలి. పాదరస లింగాలు, పాదరస గుటికలు అని అమ్మేవి నిజమైనవైతే పాదరసాన్ని వెండి, తగరం లాంటి లోహాలతో కలిపి గట్టిపరిచినవి. నకిలీవి చాలాసార్లు సీసం. ఏ రకంగా చూసినా వాటి మీద పోసిన పాలు, నీళ్లు తీర్థంగా తాగకూడదు, వాటిని దీపం పక్కన వేడి తగిలేలా పెట్టకూడదు. భక్తి ఎవరిది వారిది, దాన్ని తప్పుపట్టడం లేదు. గాజు పెట్టెలో మూత పెట్టి ఉంచి, అభిషేకం రాతి లింగానికో, ఇత్తడి లింగానికో చేసుకుంటే పూజకు లోటేమీ రాదు.

రససింధూరం, మకరధ్వజం లాంటి మందులు పాదరసం, గంధకం కలిపి చేసేవే. ఇలాంటివాటి లేబుల్ మీద వైద్యుడి పర్యవేక్షణలోనే వాడాలని రాసి ఉండాలని మన చట్టమే చెబుతోంది. సంతల్లో పేరూ ఊరూ లేని పొట్లాల్లో దొరికే ఎర్రటి, నల్లటి పొడులకు ఆ లేబుల్ ఎక్కడిది? అవి కొనకండి.

అన్నిటికంటే ఎక్కువ బాధ పెట్టేవి తెల్లబడటానికి రాసుకునే క్రీములు. పాదరసం చర్మానికి రంగునిచ్చే మెలనిన్‌ను తయారు కాకుండా ఆపుతుంది, అందుకే ముఖం త్వరగా తెల్లబడినట్టు కనిపిస్తుంది. అది చర్మం గుండా లోపలికి పోయి మూత్రపిండాలను పట్టుకుంటుంది. కేరళలో మలప్పురం జిల్లాలోని ఒక ఆసుపత్రి డాక్టర్లు 2021 జూలై నుంచి 2023 సెప్టెంబరు వరకు మెంబ్రేనస్ నెఫ్రోపతీ అనే కిడ్నీ జబ్బుతో వచ్చిన 22 మందిని పరిశీలించారు. వాళ్లలో 15 మందికి ఆ జబ్బులోనే అరుదైన ఒక రకం కనిపించింది, ఆ 15 మందిలో 13 మంది ఫెయిర్‌నెస్ క్రీములు వాడినవాళ్లే. ముఖం వాచి, కాళ్లు వాచి, మూత్రంలో నురగ వస్తుంటే అలాంటివాళ్లను డాక్టర్లు అడగాల్సిన మొదటి ప్రశ్న ఏ క్రీము రాస్తున్నారన్నది. పాదరసం కలిపిన క్రీముల తయారీ మన దేశంలో నిషేధం. అయినా బయటి దేశాల నుంచి, తయారీదారు చిరునామా లేకుండా వచ్చేవి దొరుకుతూనే ఉన్నాయి. పెళ్లి కుదిరిన అమ్మాయికి ఎవరో ఇలాంటి డబ్బా చేతిలో పెడతారు. అదే తువ్వాలు, అదే దిండు వాడే ఇంట్లోవాళ్లకూ అది అంటుకుంటుంది. డబ్బా మీద మెర్క్యురీ, మెర్క్యురిక్, కాలొమెల్ అనే మాటలున్నా, వెండి బంగారు నగలకు తగలనివ్వొద్దు అని రాసి ఉన్నా, అసలు ఏమీ రాయకుండా ఉన్నా వాడటం ఆపేయండి. డబ్బాను కవర్లో కట్టి, డాక్టర్ దగ్గరికి వెళ్లేటప్పుడు తీసుకెళ్లండి.

ఇంకొక మాట, ఇది మోసం గురించి. పాత టీవీల్లో, రేడియోల్లో, కుట్టు మిషన్లలో ఎర్ర పాదరసం ఉంటుందని, లక్షలిచ్చి కొంటారని వాట్సాప్‌లో వీడియోలు తిరుగుతుంటాయి. 2009లో సౌదీలో ఇదే పుకారుతో పాత కుట్టు మిషన్ల ధరలు ఒక్కసారిగా ఆకాశానికి ఎగబాకాయి. అలాంటి పదార్థమే లేదు. ఇది బియ్యపు గింజల్ని లాగే మహిమ ఉందంటూ చెంబులు అంటగట్టే రైస్ పుల్లింగ్ మోసంలాంటిదే. దానికోసం పాత టీవీ పగలగొడితే దొరికేది సీసం కలిసిన గాజు, కోసుకుపోయిన చేతులు.

పగిలితే

మా వీధిలో అందరూ మామ్మ అని పిలిచే పెద్దావిడ ఇంట్లో మనవడి చేతిలోంచి థర్మామీటర్ జారి పడింది. ఎర్ర గచ్చు నేల, అక్కడక్కడా బీటలు. మామ్మ అప్పటికే చీపురు తీసుకుంది.

“మామ్మా, చీపురు పెట్టకండి, ఫ్యాన్ ఆపించండి.”

“ఏటవుద్దమ్మా! మా చిన్నప్పుడు చేతిలో ఏసుకుని ఆడీవోళ్లం.”

“ఆడుకున్నప్పుడు అంతా ఒక్కచోటే ఉండేది మామ్మా. చీపురు తగిలితే ఇల్లంతా అయిపోతుంది.”

చీపురు ఎందుకు వద్దంటున్నామో లెక్క చూస్తే తెలుస్తుంది. గ్రాము పాదరసం ఒకే బొట్టుగా ఉంటే దాని అడ్డుకొలత 5 మిల్లీమీటర్లు. అర మిల్లీమీటర్ బొట్లుగా చెదిరితే అవి వెయ్యి బొట్లు, గాలికి తగిలే ఉపరితలం పది రెట్లు. వాటిలో సగం గచ్చు బీటల్లోకి, తలుపు గడప సందులోకి దూరిపోతాయి. వాక్యూమ్ క్లీనర్ ఇంకా ఘోరం, వేడి గాలితో పాటు పాదరసాన్ని గది అంతా ఊదేస్తుంది. తడిగుడ్డతో తుడిస్తే బకెట్‌లోకి, అక్కడి నుంచి కాలవలోకి పోతుంది.

ముందు పిల్లల్ని, గర్భిణులను, కుక్క పిల్లి ఉంటే వాటినీ బయటికి పంపాలి. పాదరసం తొక్కినవాళ్లు చెప్పులు అక్కడే విడవాలి. బయటి వైపు కిటికీలు తెరిచి, లోపలి గదుల వైపు తలుపు మూయాలి. ఫ్యాన్, ఏసీ ఆపాలి. ఉంగరాలు, గాజులు తీసి పక్కన పెట్టాలి, ఎందుకంటే పాదరసం బంగారాన్ని పట్టుకుంటుంది, ఉంగరం తెల్లబడిపోతుంది. అలా తెల్లబడ్డ ఉంగరాన్ని ఇంట్లో వేడి చేయకూడదు. విడిగా కవర్లో పెట్టి కంసాలికి ఇచ్చేటప్పుడు పాదరసం తగిలిందని చెప్పి ఇవ్వాలి. చెప్పకపోతే ఆయన తన ఇరుకు కొట్లో ఊదుగొట్టం పెట్టి కాలుస్తాడు, ఆ ఆవిరంతా ఆయన పీలుస్తాడు.

తర్వాత రబ్బరు గ్లవుజులు గానీ, చేతులకు ప్లాస్టిక్ కవర్లు గానీ తొడుక్కోవాలి. గదిలో వెలుగు తగ్గించి, ఫోన్ టార్చిని నేలకు ఆనించి పక్కకు వేయాలి. పైనుంచి చూస్తే కనపడని బొట్లు ఆ ఏటవాలు వెలుగులో ఒక్కసారిగా మెరుస్తాయి. మంచం కాలి దగ్గర, గోడ వారన, మనం అనుకోనంత దూరంలో కూడా ఉంటాయి. పోగుచేయడానికి గట్టి అట్ట రెండు ముక్కలు కావాలి. మన ఇళ్లలో పాత శుభలేఖలకు కరువు లేదు, వాటిని మించినవి ఉండవు. రెండు ముక్కలతో బయటి నుంచి లోపలికి మెల్లగా తోస్తుంటే చిన్న బొట్లు పెద్ద బొట్టులో కలిసిపోతాయి. తోసేటప్పుడు తొందరపడకూడదు, ఒక్క దెబ్బకి మళ్లీ చెదురుతుంది. సూది లేని సిరంజితో గానీ, మందు చుక్కలు వేసే డ్రాపర్‌తో గానీ పీల్చి, గట్టి మూత ఉన్న సీసాలోకి వదలాలి. సీసాలో కొంచెం నీళ్లు పోసి ఉంచితే ఆవిరి లేవడం తగ్గుతుంది. అట్టకు అందని సన్న చుక్కలకు సెలోటేప్ అద్ది తీయాలి. గాజు ముక్కలు, టేపు, అట్టలు, సిరంజి, గ్లవుజులు అన్నీ జిప్ కవర్లో వేసి మూసేయాలి.

గచ్చు బీటల్లో దిగినది ఏ టేపుకూ రాదు. అక్కడ గంధకం పొడి చల్లి రుద్ది ఒక రోజు వదిలేస్తే అది పాదరసంతో కలిసి ఆవిరిని చాలావరకు తగ్గిస్తుంది, పూర్తిగా ఆపుతుందని మాత్రం నమ్మకండి. ఆయుర్వేద సరుకులు అమ్మే కొట్లలో గంధకం దొరుకుతుంది. ఆ పొడిని కూడా అట్టతో ఎత్తి కవర్లోనే వేయాలి. తర్వాత బీటలను సిమెంటుతో మూయించడం మంచిది. పరుపు మీదో, దుప్పటి మీదో పడితే ఉతకడానికి వేయొద్దు. ఆ బట్ట వదులుకోవడమే తప్ప దారి లేదు. కిటికీలు కనీసం 24 గంటలు తెరిచే ఉంచాలి, ఆ గదిలో పిల్లల్ని పడుకోబెట్టకూడదు.

బీపీ మిషన్ బద్దలైతే ఇవేవీ మీరు చేయబోకండి. అందరూ బయటికి వచ్చి, ఆ గది తలుపు మూసి, అగ్నిమాపక శాఖకు, మున్సిపాలిటీకి ఫోన్ చేయడమే సరైన పని. దగ్గు, ఆయాసం, ఛాతీలో బిగుతు ఉంటే వెంటనే ఆసుపత్రికి వెళ్లాలి. విషాల గురించి సలహాకు ఢిల్లీ ఎయిమ్స్‌లోని జాతీయ విష సమాచార కేంద్రం టోల్ ఫ్రీ నంబరు 1800 116 117.

ట్యూబ్‌లైట్ గానీ, సీఎఫ్‌ఎల్ గానీ పగిలితే ఇంత హడావుడి అక్కర్లేదు. కిటికీలు తెరిచి పది నిమిషాలు బయటికి వెళ్లండి. తిరిగొచ్చి పెద్ద ముక్కలను అట్టతో, తెల్లపొడిని టేపుతో, చివర్న తడి కాగితంతో తీసి సీసాలోనో కవర్లోనో మూసేయండి. పాదరసం అంటుకుని ఉండేది ఆ పొడికే, కాబట్టి దాన్ని ఊదకండి, దులపకండి.

ఎక్కడికి పంపాలి

2016 నాటి ఘన వ్యర్థాల నిబంధనల్లో సీఎఫ్‌ఎల్‌లు, ట్యూబ్‌లైట్లు, పగిలిన పాదరసం థర్మామీటర్లు, వాడేసిన బ్యాటరీలను గృహ ప్రమాదకర వ్యర్థాలని పేరు పెట్టి చెప్పారు. పట్టణాల్లో ప్రతి 20 చదరపు కిలోమీటర్లకు ఒక సేకరణ కేంద్రం పెట్టాలన్నారు. 2022 ఈ-వేస్ట్ నిబంధనలు పాదరసం దీపాలను తమ జాబితాలో చేర్చి, రీసైక్లింగ్ బాధ్యతను తయారుచేసిన కంపెనీల మీద పెట్టాయి. కాగితం మీద దారి స్పష్టంగానే ఉంది.

వీధిలో జరిగేది వేరు. నాలుగడుగుల ట్యూబ్ బండిలో పట్టదని, దాన్ని అంచుకేసి కొట్టి విరుస్తారు. విరిచేది తెల్లారకుండా వచ్చి మన చెత్త ఎత్తే మనిషి, ఆ పొడి పడేది ఆమె ముఖం మీద. నన్ను ఎక్కువ కలవరపెట్టేది ఇదే. మన ఇంట్లో ఒక బల్బు ఏడాదికోసారి పగులుతుంది, ఆమె ముందు రోజూ పగులుతుంది. తుక్కు కొట్టులో బీపీ మిషన్ పెట్టెలోని అల్యూమినియం కోసం దాన్ని విప్పే కుర్రాడి పరిస్థితి అంతకంటే ఘోరం.

కుప్పలో చేరిన పాదరసం అక్కడే ఉండిపోదు. కుప్ప తగలబడితే గాలిలోకి, వాన పడితే కాలవల్లోకి పోతుంది. నీటి అడుగు బురదలో సూక్ష్మజీవులు దాన్ని మిథైల్ మెర్క్యురీ అనే విషంగా మారుస్తాయి. అది చిన్న చేప నుంచి పెద్ద చేపకు, చేప నుంచి మనిషికి పేరుకుంటూ వస్తుంది. జపాన్‌లోని మినమాటలో 1956లో బయటపడ్డ జబ్బు అలాంటి చేపలు తిన్నవాళ్లకు వచ్చిందే. గంజాం జిల్లావాళ్లకు ఇది దూరదేశం కథ కాదు. తాబేళ్లు గుడ్లు పెట్టే రుషికుల్య మొగ దగ్గరే కాస్టిక్ సోడా ఫ్యాక్టరీ ఒకటి పాదరసం వాడే పద్ధతిలో నడిచింది. అక్కడి మట్టిలో, నీళ్లలో, మొక్కల్లో పాదరసం చేరిందని బరంపురం యూనివర్సిటీ శాస్త్రవేత్తలు 1980ల్లోనే పరిశోధనా పత్రాలు రాశారు. ఫ్యాక్టరీ వదిలినదాని ముందు మన ట్యూబ్‌లైట్లు లెక్కలోకి రావన్నది నిజమే. కానీ గోపాలపూర్ ఒడ్డున వలలు లాగే మన తెలుగు బెస్తవాళ్లు తినేది రోజూ చేపే, ఉన్నదానికి ఇంకొంచెం కలపడానికి మనకు హక్కు లేదు.

పాదరసం వాడకాన్ని తగ్గించడానికి దేశాలు చేసుకున్న మినమాట ఒప్పందంపై భారత్ 2014లో సంతకం చేసి 2018లో ఆమోదించింది. ఆ ఒప్పందం కింద దేశాలన్నీ కలిసి తయారీ ఆపడానికి ఇళ్లలో వాడే సీఎఫ్‌ఎల్‌లకు 2025, పొడవాటి ట్యూబులకు 2027 గడువు పెట్టుకున్నాయి. అంటే ఇళ్లలో, బళ్లలో, కొట్లలో, టెంట్ హౌస్ గోదాముల్లో మిగిలిన పాత ట్యూబులన్నీ చెత్తలోకి వచ్చేది ఈ కొన్నేళ్లలోనే. సేకరణ ఏర్పాట్లు ఇప్పుడు జరగకపోతే తర్వాత జరిగి లాభం లేదు.

అప్పటిదాకా చేయగలిగిన పని ఒకటుంది. పగలకుండా కాపాడటం. పగలని ట్యూబ్ ఎన్నేళ్లున్నా ఎవరికీ హాని చేయదు. కొత్త ఎల్‌ఈడీ ట్యూబ్ వచ్చిన అట్ట గొట్టంలోనే పాతదాన్ని పెట్టి, పిల్లలకు అందని చోట పడుకోబెట్టండి. థర్మామీటర్‌ను దూది చుట్టి ప్లాస్టిక్ డబ్బాలో పెట్టండి. అపార్ట్‌మెంట్‌లోనో, వీధిలోనో పది ఇళ్లవాళ్లు కలిసి ఒక చెక్కపెట్టెలో పోగుచేస్తే మున్సిపాలిటీవాళ్లతో మాట్లాడటం సులువవుతుంది. ఒక్క బల్బు పట్టుకుని వెళితే చెత్తలో వేయమంటారు, పెట్టె నిండా ఉన్నాయంటే ఎవరో ఒకరు సమాధానం చెప్పాల్సి వస్తుంది. ఒడిశా కాలుష్య నియంత్రణ మండలి ప్రాంతీయ కార్యాలయాలు బరంపురంలో, రాయగడలో ఉన్నాయి. బీపీ మిషన్, సీసాలో పట్టిన పాదరసం లాంటివాటి గురించి అక్కడ లిఖితపూర్వకంగా అడగండి, నకలు మీద ముద్ర వేయించుకోండి. అధికారిక రీసైక్లర్ల జాబితా కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి వెబ్‌సైట్‌లో ఉంటుంది. గుణుపురం, జయపురం చుట్టుపక్కల పల్లెల్లో చెత్త బండే ఉండదు, అక్కడ చెత్తను పెరట్లో కాల్చేస్తారు. అలాంటి చోట ట్యూబులు, బ్యాటరీలు కాల్చకుండా, బావి పక్కన పాతిపెట్టకుండా పంచాయతీ ఆఫీసులోనో, బడిలోనో ఒక పెట్టె పెట్టించి, పట్నం వెళ్లే బండికి ఎక్కించాలి.

ఇచ్చేటప్పుడు కవర్ చేతికిచ్చి వచ్చేయకండి. పైన పెద్ద అక్షరాలతో, పారద అని ఒడియాలో, పాదరసం అని తెలుగులో రాసి అంటించండి. గాజు పగిలి ఉందో లేదో కూడా రాయండి. పుచ్చుకునేది చాలాసార్లు స్వయం సహాయక సంఘం మహిళే అయి ఉంటుంది. ఆమెకు గ్లవుజులు, మాస్కు ఉన్నాయా అని అడగండి. లేకపోతే ఆ ఫిర్యాదు చేసే స్థితిలో ఆమె ఉండదు, మనం చేయగలం.